ప్రింటు పోవాలి, ప్లాస్టిక్ మిగలాలి

అసిటోన్ పెట్టి తుడిస్తే బొమ్మ ముఖం మీది రంగంతా పోతుందంటారు పాత బొమ్మలకు కొత్త ముఖాలు దిద్దేవాళ్లు. అసిటోన్‌ను ఆ దరిదాపులకే రానివ్వొద్దంటారు లెగో బొమ్మల్ని తమకు నచ్చినట్టు మార్చుకునేవాళ్లు. రెండు మాటలూ నిజమే. మొదటివాళ్ల చేతిలో ఉన్నది వినైల్ తల, అంటే మెత్తటి పీవీసీ. రెండోవాళ్ల చేతిలో ఉన్నది ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. చేయి చురుగ్గా కదిలిస్తే అసిటోన్ మొదటిదాన్ని పెద్దగా ఏమీ చేయదు. రెండోదాన్ని మాత్రం క్షణాల్లో జిగురు చేసి, మెరుపు చంపేస్తుంది.

ఈ విషయం మీద చలామణిలో ఉన్న సలహాలు చాలానే ఉన్నాయి. సర్జికల్ స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్, బ్రాసో, పెన్సిల్ రబ్బరు, టూత్‌పేస్టు, డెటాల్, నీలగిరి తైలం, చివరికి బండి బ్రేక్ ఆయిల్ కూడా. వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. ప్రతి సలహా వెనకా ఒక ఫలానా బొమ్మ, ఒక ఫలానా ప్లాస్టిక్, ఒక ఫలానా ఇంకు ఉన్నాయి. సలహా నోళ్లు మారేటప్పుడు ఆ మూడూ రాలిపోయి సీసా పేరొక్కటే మిగులుతుంది. బొమ్మలు పాడయ్యేది అక్కడే. అందుకే ఏ సీసా మంచిదన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ప్రింటు అక్కడికి ఎలా చేరిందన్న దగ్గర మొదలుపెడతాను.

ఆటబొమ్మల మీద కనిపించే కళ్లు, చొక్కా గుండీలు, కారు మీది అంకెలు, కంపెనీ గుర్తులు చాలామటుకు ప్యాడ్ ప్రింటింగ్‌తో వేసినవి. టాంపో ప్రింటింగ్ అన్నా ఇదే. హాట్ వీల్స్ కార్లు సేకరించేవాళ్లు కారు మీది డిజైన్లను టాంపోలు అనే పిలుస్తారు. పలక మీద డిజైనును అతి తక్కువ లోతున చెక్కుతారు. ఆ పల్లంలో ఇంకు నింపి, పైన మిగిలినదాన్ని బ్లేడుతో గీకేస్తారు. మెత్తటి సిలికాన్ దిమ్మె పలక మీద ఒత్తుకుని ఇంకును ఎత్తుకుంటుంది, వెంటనే బొమ్మ మీద ఒత్తుకుని అక్కడ దించేస్తుంది. సిలికాన్ వంగుతుంది కాబట్టి గుండ్రటి తల మీద కూడా గీత చెదరదు. ఒక్కో రంగుకు ఒక్కో ఒత్తు. ముదురు ప్లాస్టిక్ మీద లేత రంగు తేలాలంటే కింద ముందుగా తెల్ల పొర వేస్తారు. తీసేటప్పుడు ఆ తెల్ల పొరే చివరిదాకా మొండికేస్తుంది.

ఈ ఇంకు మందం కొన్ని మైక్రాన్లే, తల వెంట్రుకలో పదో వంతు ఉంటుందేమో. అంత పల్చటి పొర ఏళ్ల తరబడి పిల్లల చేతుల్లో ఎలా నిలుస్తోంది? ఇంకులో కలిపిన ద్రావకం వల్ల. ఏబీఎస్ మీద పడగానే ఆ ద్రావకం పైపొరను కొద్దిగా మెత్తబరుస్తుంది. ఇంకు ఆ మెత్తదనంలోకి దిగి, ద్రావకం ఆవిరయ్యాక అక్కడే గట్టిపడుతుంది. అంటే ప్రింటు ప్లాస్టిక్ మీద కూర్చోలేదు, ప్లాస్టిక్‌తో కలిసిపోయింది. ఆ ఇంకును కరిగించగల ద్రవం సాధారణంగా ఏబీఎస్‌ను కూడా కరిగిస్తుంది. మొత్తం చిక్కుముడి ఈ ఒక్క వాక్యంలో ఉంది.

రసాయన శాస్త్రం దీనికి ఒక కొలత ఇచ్చింది. ద్రావణీయత సూచిక అనే ఆ అంకె రెండు పదార్థాలకు దగ్గరగా ఉంటే అవి కలిసిపోతాయి, దూరంగా ఉంటే కలవవు. ఏబీఎస్‌కు అది సుమారు 19. అసిటోన్‌కు 20, టోలీన్‌కు, ఇథైల్ అసిటేట్‌కు 18 పైచిలుకు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు 23.5, ఇథైల్ ఆల్కహాల్‌కు 26, నీటికి 48. నీళ్లతో ఎంత కడిగినా ప్రింటు ఎందుకు పోదో, థిన్నర్ చుక్క పడితే బొమ్మ ఎందుకు కరుగుతుందో, స్పిరిట్ ఎందుకు మధ్యలో నిలబడి కొన్నిటిని తీసి కొన్నిటిని వదిలేస్తుందో ఈ అంకెల్లోనే తెలిసిపోతుంది. అసిటోన్ లేని రిమూవర్ సురక్షితమన్న నమ్మకం కూడా ఇక్కడే వీగిపోతుంది. అసిటోన్ లేదని రాసిన సీసాల్లో చాలావాటిలో ఉండేది ఇథైల్ అసిటేటే. గోళ్లకు అది మేలు కావచ్చు, ఏబీఎస్‌కు మాత్రం రెండూ ఒకటే.

పాలిథిలీన్, పాలీప్రొపిలీన్‌ల కథ దీనికి పూర్తిగా తిరగబడింది. ఇసుకలో ఆడుకునే బుల్లి బకెట్లు, పారలు, గిన్నెల సెట్లు ఎక్కువగా వీటితోనే చేస్తారు. మామూలు వేడిమిలో అసిటోన్ వీటిని ఏమీ చేయలేదు. అయితే ఇంకు కూడా వీటికి పట్టదు. ఇంకు తడి పరుచుకోవాలంటే ఉపరితల శక్తి 38 డైన్లకు పైన ఉండాలన్నది ముద్రణ పరిశ్రమ లెక్క. వీటికి ఉండేది 30 చుట్టుపక్కల. అందుకే ఫ్యాక్టరీలో ముందుగా మంట చూపించో, విద్యుత్ తాకిడి ఇచ్చో పైపొరను సిద్ధం చేసి మరీ ప్రింటు వేస్తారు. అంత చేసినా పట్టు అంతంతమాత్రమే. మీ బొమ్మ పాలీప్రొపిలీన్ అయితే సమస్య లేనట్టే. దూదికి కాస్త ఐసోప్రొపైల్, దానికి లొంగకపోతే అసిటోన్ అద్ది తుడవండి. చాలా ప్రింట్లు వచ్చేస్తాయి.

కాబట్టి మొదటి పని ద్రవం కొనడం కాదు, ప్లాస్టిక్‌ను గుర్తుపట్టడం. బొమ్మ అడుగునో, బ్యాటరీ మూత వెనకో చిన్న త్రికోణంలో అంకె ఉందేమో చూడండి. 2, 4 పాలిథిలీన్లు, 3 పీవీసీ, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్. 7 అంటే మిగతావన్నీ అని అర్థం. ఏబీఎస్, పాలీకార్బొనేట్ రెండూ ఈ 7లోకే వస్తాయి. కొన్నిటి మీద కోణపు గుర్తుల మధ్య ఏబీఎస్, పీపీ, పీసీ అనే పొడి అక్షరాలు ఉంటాయి. అంకె కంటే అవే నయం.

ఏ గుర్తూ లేని బొమ్మలే ఎక్కువ. వాటికి ఇంట్లోనే చేయదగ్గ పరీక్ష ఒకటుంది. బొమ్మలోంచి విడదీయగల గట్టి ముక్క, లోపల గాలి చేరే బోలు లేనిది, ఒకటి తీసుకుని గిన్నెడు నీళ్లలో వేయండి. నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపితే ముక్కకు గాలి బుడగలు అంటుకోవు. పాలిథిలీన్, పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక కాబట్టి తేలతాయి. ఏబీఎస్, పాలీస్టైరీన్, పాలీకార్బొనేట్, పీవీసీ మునుగుతాయి. మునిగిన ముక్కను ఇక కరగనంతగా ఉప్పు కలిపిన నీళ్లలో వేస్తే ఏబీఎస్, పాలీస్టైరీన్ పైకి తేలతాయి, పీవీసీ ఎక్కువగా అడుగునే ఉండిపోతుంది. అగ్గిపుల్లతో కాల్చి వాసన చూడమని కొందరు చెబుతారు. ఆ పొగ పీల్చదగ్గది కాదు, పీవీసీ అయితే మరీను. ఉప్పునీళ్లు చాలు.

రెండో పని, అది నిజంగా ప్రింటేనా అని చూడడం. గోటితో అంచు వెంట నెమ్మదిగా గీయండి. మెట్టులా తగిలితే స్టిక్కరు. హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి ఒక మూల నుంచి లాగితే వస్తుంది. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాసి, మెత్తబడ్డాక తుడిచి, వెంటనే సబ్బుతో కడిగేయాలి. ఏబీఎస్, పాలీస్టైరీన్‌ల మీద నూనెను రోజుల తరబడి వదిలితే పగుళ్లు రావచ్చు. డిజైను ప్లాస్టిక్ లోతు దాకా అదే రంగులో ఉంటే అది రెండు రంగుల ప్లాస్టిక్‌లను ఒకే అచ్చులో పోసి చేసింది. స్టిక్కర్లు లేని కొత్తరకం రూబిక్ క్యూబుల్లో రంగులు ఇలాగే ప్లాస్టిక్‌లోనే ఉంటాయి. అక్కడ తీయడానికి ఏమీ లేదు. అచ్చులోనే ఫిల్మును పెట్టి బొమ్మతో కలిపి కరిగించిన లేబుళ్లదీ అదే పరిస్థితి. వాటిని గీకితే గుంట పడుతుంది తప్ప డిజైను పోదు. ఇలాంటివాటి మీద కష్టపడకుండా రంగు వేసి కప్పేయడమే మేలు.

ఇక అందరూ అడిగే ఏబీఎస్ దగ్గరికి వద్దాం. డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో పుట్టిన లెగో 1963లో సెల్యులోజ్ అసిటేట్ వదిలి ఏబీఎస్‌కు మారింది. చేతులు, కాళ్లు కదిలే చిన్న మనిషి బొమ్మ 1978లో వచ్చింది. ఆ బొమ్మ ఛాతీ మీది ప్రింటు తీసి తమకు కావలసిన యూనిఫాం వేసుకోవాలని, పోలీసును పోస్టుమాన్‌గా మార్చాలని ఆరాటపడేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ప్లాస్టిక్ మీది ప్రింటు తీయడం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం వాళ్ల చేతుల్లో తేలిందే. వాళ్ల అనుభవం మొత్తం ఒకవైపే మొగ్గుతుంది: ఏబీఎస్ మీద కరిగించడం కంటే అరగదీయడం మంచిది.

అరగదీసే సాధనాల్లో అన్నిటికంటే మెత్తనిది పెన్సిల్ రబ్బరు. కొత్తగా వేసిన పల్చటి ప్రింటు కొన్నిసార్లు దీనికే లొంగుతుంది. పెన్ను ఇంకు చెరపడానికి ఇచ్చే గరుకు రబ్బరు ఇంకాస్త బలంగా పనిచేస్తుంది, ఆ మేరకు గీతలూ పెడుతుంది. దాని తర్వాతిది బ్రాసో. మన ఇళ్లలో ఇత్తడి కుందులు, పోలీసుల బెల్టు బిళ్లలు తోమే ఆ పాలిష్‌లో అతి మెత్తటి రాపిడి పొడి, పెట్రోలియం స్పిరిట్, కొద్దిగా అమ్మోనియా ఉంటాయి. పని చేసేది ముఖ్యంగా ఆ పొడే.

చేసే తీరు ఇది. ముందు బొమ్మను గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. జిడ్డు మీద ఏ పాలిష్ సరిగ్గా పట్టదు, ఇసుక రేణువు ఉంటే అదే లోతైన గీత పెడుతుంది. ఛాతీ మీద పనిచేస్తుంటే తల, కాళ్లు తీసి పక్కన పెట్టండి. ఉంచుకోవలసిన ప్రింటు పక్కనే ఉంటే దాని మీద పెయింటర్లు వాడే కాగితపు టేపు అంటించండి. దూది పుల్లను బ్రాసోలో అద్ది, అదనంగా ఉన్నది పిండేసి, గోరంత మేర చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. బలం పెట్టకండి. ఒత్తిడి పెంచితే ప్రింటు కంటే ముందు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరుగుతుంది, అంచులు గుండ్రబడతాయి. దూదికి రంగు అంటడం కనిపిస్తుంది. అది నల్లబడగానే పుల్ల మార్చండి, లేకపోతే తీసిన రంగునే మళ్లీ పూస్తుంటారు. పై రంగులు ముందు పోతాయి, అడుగున తెల్లపొర పొగలా మిగులుతుంది. ఏటవాలుగా వెలుతురు పడేలా పట్టుకుంటే అది తెలుస్తుంది. దాన్ని కూడా వదిలించాక సబ్బునీళ్లతో కడగండి. సందుల్లో ఎండి తెల్లగా మిగిలే పొడిని పాత టూత్‌బ్రష్‌తో తీయండి. ఓపిక ఉన్నవాళ్లకు ఇది నమ్మదగ్గ పద్ధతి, తొందరపడేవాళ్లకు కాదు.

టూత్‌పేస్టు కూడా ఇదే కోవలోది, కానీ ఒక్కో పేస్టు గరుకుదనం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఫలితం ముందుగా చెప్పలేం. వంటింట్లో మరకలకు వాడే తెల్లటి మెలమైన్ స్పాంజి మెత్తగా కనిపించినా సన్నటి ఉప్పుకాగితమే. మెరిసే ఏబీఎస్‌ను అది మసకబారుస్తుంది. మసకబారితే దారి ఉంది. రెండు వేలు, ఆ తర్వాత మూడు వేల నంబరు నీటి ఉప్పుకాగితంతో తడిగా రుద్ది, చివర్న కారు హెడ్‌లైట్ల పాలిష్‌తో ముగిస్తే మెరుపు చాలావరకు తిరిగొస్తుంది. అయితే మొదట్లో మెరుపు లేకుండా సన్నటి గరుకుతో అచ్చు వేసిన బొమ్మలకు ఇది పనికిరాదు. ఆ గరుకు ఒకసారి అరిగితే చేత్తో మళ్లీ తేలేం. అక్కడ మెరిసే మచ్చ ఒకటి శాశ్వతంగా మిగులుతుంది.

ద్రావకాల్లో ఏబీఎస్‌కు పరవాలేదనదగ్గది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్లు బోర్డులు తుడవడానికి ఐపీఏ పేరుతో వాడేది ఇదే. 2020లో ఇంటింటికీ శానిటైజర్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన రెండు ఫార్ములాల్లో ఒకటి 80 శాతం ఇథైల్ ఆల్కహాల్, రెండోది 75 శాతం ఐసోప్రొపైల్. వాటితో పదే పదే తుడిస్తే కొన్ని ప్రింట్లు వెలిసిపోతాయి. అంటే తీయడానికీ అవి పనికొస్తాయి, అన్నిటికీ కాదు. రసాయనికంగా గట్టిపడే రెండు భాగాల ఇంకులు, అతినీల లోహిత కాంతితో ఆరబెట్టే ఇంకులు ఆల్కహాల్‌కు కదలవు. కొన్ని నిమిషాలు తుడిచినా దూదికి రంగు అంటకపోతే అక్కడితో ఆపి రాపిడి మీదికి వెళ్లాలి. కదలడం లేదు కదా అని రాత్రంతా నానబెట్టడమే అసలు ప్రమాదం.

ఎందుకంటే ఆల్కహాల్ ఏబీఎస్‌ను, పాలీకార్బొనేట్‌ను కరిగించదు కానీ పగలగొట్టగలదు. అచ్చులో చల్లబడేటప్పుడు ప్లాస్టిక్‌లో లోలోపల బిగింపు మిగిలిపోతుంది. స్క్రూ రంధ్రాల చుట్టూ, కొక్కేల దగ్గర, ఒకదాంట్లో ఒకటి నొక్కి పెట్టిన భాగాల దగ్గర ఆ బిగింపు మరీ ఎక్కువ. ఆల్కహాల్ ఆ చోట్లలోకి ఇంకితే సన్నటి పగుళ్లు పుడతాయి. అవి ఆ పూటే కనిపించాలనేం లేదు. పారదర్శకమైన భాగాల్లో అయితే వెంట్రుకల్లాంటి గీతలుగా మెరుస్తాయి. అందుకే కీళ్లు విడదీసి, తుడిచి, వెంటనే ఆరనివ్వాలి తప్ప గిన్నెలో ముంచకూడదు. బొమ్మ కార్ల అద్దాలు, హెల్మెట్ల కళ్లద్దాలు లాంటి పారదర్శక ముక్కల మీద బ్రాసో కూడా వద్దనే అంటాను. అవి పాలీకార్బొనేట్ అయితే అమ్మోనియా వాటికి పడదు.

పెయింట్ థిన్నర్, పెట్రోలు, టర్పెంటైన్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. థిన్నర్లలో టోలీన్ లాంటివి, అసిటోన్ లాంటివి కలిసి ఉంటాయి. ఏబీఎస్, పాలీస్టైరీన్ రెండూ వాటికి కరుగుతాయి. ఇంట్లో పిల్లలున్నచోట ఆ సీసా తెరవడమే తప్పు.

బొమ్మల ముఖాల లోకం వేరు. బార్బీ, బ్రాట్జ్ తరహా బొమ్మల తల మెత్తటి వినైల్, ఒళ్లు ఎక్కువగా గట్టి ప్లాస్టిక్. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో సోనియా సింగ్ అనే ఆమె పాతసామాన్ల దుకాణాల్లో దొరికిన బ్రాట్జ్ బొమ్మల దట్టమైన మేకప్ తుడిచేసి, మామూలు పిల్లల ముఖాలు దిద్ది, వాళ్లమ్మ అల్లిన బట్టలు తొడిగింది. ట్రీ చేంజ్ డాల్స్ పేరుతో 2015లో వాటిని ప్రపంచమంతా చూసింది. ఆమె వాడినవి నెయిల్ పాలిష్ రిమూవర్, నీలగిరి తైలం. ఖరీదైన సరంజామా ఏమీ లేదు. కానీ చేతివాటం ఉంది. అసిటోన్ వినైల్‌ను వెంటనే కరిగించకపోయినా, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్‌ను బయటికి లాగుతుంది. ఎక్కువసేపు తడిస్తే ముఖం ముందు జిగటగా, తర్వాత బిరుసుగా మారుతుంది. అందుకే దూదిని తడిపి పిండి, కళ్ల నుంచి బయటికి కాకుండా అంచుల నుంచి మధ్యకు తుడవాలి. బయటికి లాగితే కరిగిన నల్లరంగు బుగ్గలంతా పాకి వినైల్‌లోకి ఇంకుతుంది, ఆ మరక ఇక పోదు. మెడ కింద గట్టి ప్లాస్టిక్ మీద చుక్క పడకుండా తల ఊడదీసో, మెడకు పాలిథిలీన్ కవరు చుట్టో పనిచేయాలి.

ప్లాస్టిసైజర్ అలా వలసపోవడం మన కళ్లముందు జరిగేదే. బడి పిల్లల జామెట్రీ బాక్సులో రబ్బరు ప్లాస్టిక్ స్కేలుకు ఆనుకుని వేసవి సెలవులంతా ఉండిపోతే రెండూ అతుక్కుపోయి స్కేలు మీద గుంట పడుతుంది. ఆ రబ్బరు చాలాసార్లు పీవీసీ, స్కేలు పాలీస్టైరీన్. వినైల్ బొమ్మల్ని గట్టి ప్లాస్టిక్ బొమ్మలకు తగిలేలా పెట్టెలో కుక్కితే అదే జరుగుతుంది. ముఖం తుడిచి ఆరబెట్టిన బొమ్మను నూలుగుడ్డలో చుట్టి విడిగా పెట్టడం అందుకే.

వినైల్ బొమ్మల మీద పిల్లలు బాల్‌పెన్నుతో గీసిన గీతలకు ఒక మంచి మందు బొమ్మల సేకర్తలు కనిపెట్టారు. మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ గీత మీద మాత్రమే రాసి ఎండలో పెడితే ఇంకు రంగు క్రమంగా విరిగిపోతుంది. ఇది కరిగించడం కాదు, రంగును చంపడం. అందువల్ల లోపలికి ఇంకిన మరకల మీద కూడా పనిచేస్తుంది. అదే కారణంతో పక్కనున్న పెదవుల ఎరుపును, వినైల్ ఛాయను కూడా తెల్లబరచగలదు. మధ్యమధ్య తుడిచి చూసుకుంటూ పోవాలి. పర్మనెంట్ మార్కర్ గీతలు గట్టి ప్లాస్టిక్ మీదైతే ఇంత శ్రమ అక్కర్లేదు, ఐపీఏ చాలు. గీత మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో మళ్లీ గీసి వెంటనే తుడిచినా చాలాసార్లు రెండూ కలిసి వచ్చేస్తాయి.

హాట్ వీల్స్ లాంటి లోహపు కార్ల మీది టాంపోలకు రిమూవర్ అద్దిన దూది పుల్ల పనిచేస్తుంది. వేడికి ఆరబెట్టిన అడుగు రంగు టాంపో ఇంకు కంటే గట్టిది. ఒకటి రెండు తుడుపుల్లో అంకె పోయి రంగు మిగలాలి. దూదికి కారు రంగే అంటుతుంటే ఆపేయండి. కిటికీలు, అడుగు పలక ప్లాస్టిక్ అని మాత్రం మరవొద్దు. వెండిలా మెరిసే ప్లాస్టిక్ చక్రాల మీది పూత ఇంకు కాదు, అతి పల్చటి అల్యూమినియం. దుస్తుల బ్లీచు దాన్ని తినేస్తుంది, ప్లాస్టిక్‌ను పెద్దగా తాకదు. బ్లీచును మాత్రం వెనిగర్‌తో గానీ అమ్మోనియా ఉన్న దేనితో గానీ కలపకూడదు, బ్రాసోతో సహా. విషవాయువు పుడుతుంది.

డెటాల్ సంగతి. బ్రిటన్‌లో బుల్లి సైనికుల బొమ్మలకు రంగులు వేసుకునేవాళ్లు పాలీస్టైరీన్ మీది అక్రిలిక్ రంగును వదిలించడానికి దాన్ని వాడతారు. కొన్ని గంటలు నానితే రంగు మెత్తబడుతుంది, బ్రష్‌తో వస్తుంది. మధ్యలో నీళ్లు తగిలితే రంగంతా జిగురు ముద్దై సందుల్లో ఇరుక్కుంటుంది కాబట్టి కడగడం ఆఖర్నే. ఇది చేత్తో వేసిన రంగుకు చెప్పిన మాట. ఫ్యాక్టరీ ప్రింటుకు డెటాల్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. బ్రేక్ ఆయిల్ సలహా కూడా పాత తరం మోడల్ కార్ల వాళ్లదే. అది చర్మానికి చెడు, పారబోయడం కష్టం. అంతకంటే మంచివి ఉండగా దాని జోలికి పోవడానికి కారణం కనిపించదు.

ఇంకంతా పోయాక కూడా కొన్ని బొమ్మల మీద డిజైను నీడలా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఎండకు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పసుపుబారి, ప్రింటు కింద ఉన్నంత మేర పాత రంగే నిలిచిపోవడం వల్ల వచ్చే నీడ అది. ఎంత రుద్దినా పోదు, ఎందుకంటే అక్కడ తీయాల్సింది ఏమీ మిగల్లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి వెలుతురులో పెట్టి పసుపు విరగ్గొట్టే పద్ధతి పాత కంప్యూటర్లు సేకరించేవాళ్లలో 2008 నుంచి వ్యాపించింది. బొమ్మలకూ పనిచేస్తుంది, కానీ సమంగా రాయకపోతే మచ్చలు పడతాయి, పసుపు కొంతకాలానికి తిరిగి రావచ్చు కూడా. కాబట్టి పాత బొమ్మ కొనేటప్పుడే దాని మీద కొత్త ప్రింటు వేయబోతున్నారా, ఖాళీగా ఉంచబోతున్నారా అన్నది తేల్చుకోండి. రంగు వేసి కప్పేటట్టయితే నీడ గురించి బెంగ అనవసరం.

మ్యూజియంల వాళ్లు ఈ ప్రశ్నను మరో వైపు నుంచి చూస్తారు. ఐరోపాలో 2008 నుంచి 2012 దాకా నడిచిన పోపార్ట్ అనే పరిశోధనలో ప్లాస్టిక్ కళాఖండాలను శుభ్రం చేసే పద్ధతుల్ని పోల్చి చూశారు. మురికి ఎంత పోయిందనే కాదు, ఎన్ని గీతలు పడ్డాయన్నదీ కొలిచారు. ఆ చూపు మనకూ అవసరం. పాత బొమ్మ మీది అరుదైన ప్రింటు దాని విలువలో పెద్ద భాగం. తీశాక వెనక్కి తేలేం. సేకర్తకు అమ్మే ఉద్దేశం ఉంటే దాన్ని తాకకపోవడమే సరైన పని.

పిల్లల మాటకు వస్తే నా అభిప్రాయం ఇంకా గట్టిది. పాత బొమ్మల రంగుల్లో ఏముందో మనకు తెలియదు. 2007లో సీసం పాలు ఎక్కువున్న రంగుల వల్ల మాటెల్ సంస్థ లక్షల బొమ్మల్ని వెనక్కి పిలిపించింది. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం 2018లో 200 వాడేసిన ప్లాస్టిక్ బొమ్మల్ని పరీక్షిస్తే ఎరుపు, పసుపు, నలుపు ముక్కల్లో సీసం, కాడ్మియం లాంటివి ఎక్కువగా బయటపడ్డాయి. అలాంటి బొమ్మను పొడిగా ఉప్పుకాగితంతో గీకి ఆ ధూళిని ఇంట్లో ఎగరేయడం కంటే బొమ్మను పక్కన పెట్టడం మేలు. గీకక తప్పకపోతే తడిగా గీకి, ఆ గుడ్డను పారేయాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దన్న హెచ్చరిక గానీ, ఆ గుర్తు గానీ ప్రింటు రూపంలో ఉంటే, బొమ్మ ఇంకొకరి చేతికి వెళ్లేదైతే దాన్ని చెరపకూడదు. ద్రావకాలు వాడేది కిటికీలు తెరిచిన గదిలో, పొయ్యికి, దీపానికి దూరంగా. అసిటోన్ ఆవిరి సున్నాకు 20 డిగ్రీలు దిగువనే అంటుకోగలదు, మన వేసవిలో సంగతి చెప్పనక్కర్లేదు. తుడిచిన బొమ్మను సబ్బుతో కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరబెట్టి అప్పుడే పిల్లలకివ్వండి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల బొమ్మలకైతే అసలు ద్రావకం వద్దు, సబ్బునీళ్లకు రానిది ఉండనివ్వండి.

ఇంత చర్చలో సగం ఒకే లోటు వల్ల వచ్చింది. చేతిలో ఉన్నది ఏ ప్లాస్టికో చాలా బొమ్మల మీద రాసి ఉండదు. రాసే పద్ధతి ఎప్పుడో ఉంది. ఐఎస్ఓ 11469 అనే అంతర్జాతీయ ప్రమాణం కోణపు గుర్తుల మధ్య ప్లాస్టిక్ పొడిపేరు ఎలా ముద్రించాలో చెబుతుంది. అచ్చులో ఒక్కసారి చెక్కితే లక్ష బొమ్మల మీదికి దానంతటదే వస్తుంది, ప్రతి బొమ్మకూ వేరే ఖర్చు లేదు. మన బొమ్మల తయారీదారులు ప్రతి బొమ్మలో ప్రతి పెద్ద భాగం మీదా ఆ రెండు మూడు అక్షరాలు వేయాలి. భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని తప్పనిసరి చేయాలి. ప్రింటు తీసేవాళ్లకే కాదు, విరిగిన బొమ్మను అతికించేవాళ్లకూ, చివరికి దాన్ని కరిగించి మళ్లీ వాడేవాళ్లకూ ఆ అక్షరాలు కావాలి.